గడియారం మీద ఇచ్చిన లైన్ క్లియర్

1982 జూన్‌లో నన్ను విద్యుత్ శాఖ జూనియర్ ఇంజనీరుగా ఆలమూరు వైపు ఒక సెక్షనుకు వేశారు. ఆ ఊరి పేరు రాయడం లేదు. అప్పటివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, నేను చెప్పబోయే తప్పు వాళ్ళది కాదు, నాది. సెక్షను అంటే ఒక సబ్ స్టేషను, దాని నుంచి పల్లెలకు వెళ్ళే లైన్లు, వాటిని చూసుకునే పదిమంది సిబ్బంది. వాళ్ళందరి మీదా పెద్ద, ఇరవై ఎనిమిదేళ్ళ నేను.

కాపురం మాత్రం కొత్తపేటలో. మా ఆవిడ అక్కడ టీచరు. పొలం కూలి చేసి నన్ను చదివించిన మా నాన్న, కోడలు బడి మానేస్తే ఊరుకునేది లేదని ముందే తేల్చి చెప్పాడు. అందుచేత తిరగడం నా వంతయింది. కొత్తపేట నుంచి రావులపాలెం, అక్కడ గౌతమి మీద వంతెన దాటి జొన్నాడ, జొన్నాడ నుంచి ఇంకో ఐదారు కిలోమీటర్లు. రోజూ రానూ పోనూ మోటారు సైకిల్ మీదే. నాకంటే ముందు ఇద్దరి దగ్గర పనిచేసి వచ్చిన బండి అది.

కోనసీమలో ఉద్యోగానికి బండి మీద తిరిగేవాడికి వానలో నడిపే విద్య ఎవరూ నేర్పక్కర్లేదు, రెండు వర్షాకాలాలు చాలు. రెయిన్‌కోటు గుండీలు వీపు వైపుకు వచ్చేలా తిరగేసి తొడుక్కోవాలి. లేకపోతే గాలి గుండీల సందుల్లోంచి దూరి, కోటు బుడగలా ఉబ్బుతుంది. ఇంకో స్పార్క్ ప్లగ్గు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి చొక్కా జేబులో ఉంచుకోవాలి. నీళ్ళలోకి దిగాక యాక్సిలరేటర్ వదలకూడదు, వదిలితే సైలెన్సరు నీళ్ళు తాగుతుంది. నాకు కళ్ళజోడు కూడా ఉండేది కనుక వానాకాలమంతా సగం దారి అలవాటు మీదే వెళ్ళేవాణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను. లైను మీద మనిషి ఎక్కాలంటే ముందు సబ్ స్టేషనులో ఆ లైనుకు కరెంటు ఆపించాలి. ఆపినట్టు ఆపరేటరు పుస్తకంలో రాసుకుని, సంతకం పెట్టి, లైన్‌మన్‌కు ఒక కాగితం ఇస్తాడు. దాన్ని లైన్ క్లియర్ అంటాం, వాడుకలో ఎల్సీ. పని అయ్యాక ఆ లైన్‌మనే వచ్చి, మనుషులందరూ దిగిపోయారని రాసి, సంతకం చేసి, కాగితం తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా ఆ స్విచ్చికి తాళం, తాళంచెవి ఆపరేటరు దగ్గర. ఇంతే రూలు.

కానీ మా లైన్లలో ఒకటి గోదావరి మధ్య లంక గ్రామాలకు వెళ్ళేది. అక్కడ పని చేసిన లైన్‌మన్ పడవ దాటి, సైకిల్ తొక్కుకుంటూ కాగితం పట్టుకొచ్చేసరికి రెండు గంటలు పట్టేది. పని అయిపోయినా ఆ రెండు గంటలూ ఊళ్ళకు కరెంటు ఉండేది కాదు. అందుకని నేను రాకముందు నుంచే మా సెక్షనులో ఒక అలవాటు ఉంది. ఎల్సీ తీసుకునేటప్పుడే లైన్‌మన్ 'పన్నెండింటికి ఇచ్చేయండి' అని చెప్పి వెళ్ళేవాడు. పన్నెండుకల్లా అతను స్తంభం దిగి ఉంటాడు. పన్నెండు కాగానే ఆపరేటరు లైన్లోకి కరెంటు వదులుతాడు. కాగితం తర్వాత వస్తుంది. సిబ్బంది దీన్ని 'గడియారం ఎల్సీ' అనేవారు. రూల్సు పుస్తకం ఇలాంటిది చేయవద్దనే చెబుతుంది. నేను చేరిన వారంలోనే సంగతి తెలిసింది. నలుగురితో నారాయణ అనుకుని ఊరుకున్నాను.

ఊరుకుంటే సగం పాపమే. రెండో ఏడాది వానల్లో మిగతా సగం కూడా మూటగట్టుకున్నాను. అప్పుడు ఆపరేటరు సుబ్బారాయుడు గారు. మా నాన్న వయసు మనిషి, రోజూ పొద్దున్నే గోడ గడియారానికి కీ ఇచ్చిగాని కుర్చీలో కూర్చునేవారు కాదు. ఒకరోజు ఆయన, లైన్‌మన్ చెప్పిన టైముకి లైను ఇవ్వకుండా, అతను కాగితంతో వచ్చేదాకా గంటన్నర ఆపేశారు. లంకలోని రైసు మిల్లు యజమాని పైకి అర్జీ పెట్టాడు. పైనుంచి నాకు అక్షింతలు పడ్డాయి. నేను వెనకా ముందూ చూడకుండా సుబ్బారాయుడు గారికి మెమో ఇచ్చాను, నిర్ణీత సమయానికి లైను ఎందుకు ఇవ్వలేదో సంజాయిషీ చెప్పమని. ఆయన ఒక్క ముక్క వాదించలేదు. 'ఇకమీదట టైముకి ఇస్తాను' అని రాసి సంతకం పెట్టారు. నేను దాన్ని మందలింపుగా ఆయన సర్వీసు రిజిస్టరులో ఎక్కించాను.

ఆ ఏడు నవంబరులోనే వాయుగుండం పట్టింది. కోతకొచ్చిన చేలు నేల కరుచుకున్నాయి. తెల్లవారకముందే ఫోన్లు పోయాయి. వాన కాస్త తెరిపి ఇస్తుందేమోనని పదింటిదాకా చూసి, ఇక లాభం లేదని బయల్దేరాను. మా ఆవిడ వద్దంది. గాలివానలో సెక్షను ఆఫీసరు ఇంట్లో కూర్చుంటే రేపు సిబ్బందికి ముఖం ఎలా చూపించనని పెద్ద మాట ఒకటి చెప్పి బండి తీశాను.

రావులపాలెం దాకా కొబ్బరి మట్టలు తప్పించుకుంటూ వెళ్ళడంతోనే సరిపోయింది. వంతెన మీద కథ వేరు. గాలి కుడివైపు నుంచి నెడుతుంటే బండిని గాలి మీదకే వాల్చి నడపాలి. ఎదురుగా లారీ వచ్చిందంటే ఒక్క క్షణం గాలి ఆగిపోతుంది, వాల్చిన బండి లారీ కిందకే పోతుంది. లారీ దాటగానే మళ్ళీ చెంపదెబ్బ. ఒకసారి చక్రం తప్పాక నాకు బుద్ధి వచ్చింది. కొబ్బరికాయల లారీ ఒకటి మెల్లగా పోతుంటే దాని చాటున చేరి, నడకకంటే కాస్త ఎక్కువ వేగంతో వంతెన దాటాను. జొన్నాడ చేరేసరికి పదకొండున్నర.

మూసి ఉన్న టీ కొట్టు చూరు కింద నుంచి ఒకామె చేతులు ఊపుకుంటూ రోడ్డు మధ్యకు వచ్చేసింది. మా లైన్‌మన్ ఏసుపాదం భార్య, రత్నం. ఏసుపాదం నిచ్చెన లేకుండా స్తంభం ఎక్కగలవాడు, మా సెక్షనులోకెల్లా పనిమంతుడు. ఆమె కొంగులో చుట్టి పట్టుకున్నది అతని చేతి గడియారం.

"ఇంజనీరు గారండీ, ఈయన వాచీ ఇంటికాడ మర్చిపోయేరండి" అంది. "వానకి తడుస్తాదని తీసి గూట్లో పెట్టేరు. ఎనిమిదింటికే లంకలోకి దాటేరండి. పన్నెండింటిదాకా లైను తీసుకున్నానని నాతో చెప్పేరు. ఈ మబ్బులో పొద్దెక్కడుందో ఎలా తెలుస్తాదండీ ఆయనకి?"

వెంట వెళ్ళిన హెల్పరు దగ్గర వాచీ ఉందా అని అడిగాను. లేదంది. రేవుకు వెళ్ళావా అన్నాను.

"ఆయ్, వెళ్ళేనండి. ఈ గాలికి పడవ కట్టనన్నాడు. కాళ్ళట్టుకున్నా కదల్లేదండి. సబ్ స్టేషనుకి నడిచెళ్తే పన్నెండు దాటిపోతాదని మీకోసం ఇక్కడ నిలబడ్డానండి." నా ముఖం చూడకుండా అంది. "సుబ్బారాయుడు గారు ఇప్పుడు టైమంటే టైమేనంట కదండీ. మీరు కాగితం ఇచ్చేరంట."

ఆమె అన్న కాగితం నా మెమో. పని చేసేచోట లైనును భూమికి కలిపే ఎర్త్ రాడ్లు వేసుకుంటే కొంత రక్షణ ఉంటుంది. సెక్షను మొత్తానికి ఉన్న ఒక్క జతా ఆ వేళ ఇంకో లైను మీద ఉన్న గ్యాంగు దగ్గర ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. గడియారం తీసుకుని జేబులో వేసుకున్నాను. లంకకు వెళ్ళే దారి లేదు. సబ్ స్టేషనుకు వెళ్ళి చెప్పడమొక్కటే మార్గం. మామూలు రోజున పది నిమిషాల దారి, చేతిలో అరగంట ఉంది. నేను చూసుకుంటాను, నువ్వు భయపడకు అన్నాను. భయపడుతున్నది నేనే.

రెండు కిలోమీటర్లు వెళ్ళానో లేదో, రోడ్డుకు అడ్డంగా నిద్రగన్నేరు చెట్టు పడి ఉంది. అటొక బస్సు, ఇటొక లారీ ఆగిపోయాయి. వెనక్కి తిప్పి కాలవ గట్టు ఎక్కాను. గట్టు మీద నల్లమన్ను చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి, బండి రెండుసార్లు నన్ను కింద పడేసింది. గట్టు దిగేచోట మోకాలి లోతు నీళ్ళు. యాక్సిలరేటర్ వదలకూడదని తెలిసి కూడా, ఆ నీళ్ళలో ఏదో అడ్డం తగిలి చెయ్యి వదిలేశాను. బండి ఆగిపోయింది. ఒడ్డుకు నెట్టుకొచ్చి, ప్లగ్గు విప్పి, జేబులోని కొత్తది బిగించాను. నా వాచీ చూసుకున్నాను. నమ్మబుద్ధి కాక ఏసుపాదం వాచీ కూడా తీసి చూశాను. రెండింటిలోనూ పన్నెండు.

ప్రభువా, ఆ గోడ గడియారం ఆగిపోయేలా చెయ్యి అని పైకే అన్నాను. పెద్ద చదువు చదివినవాణ్ణి, చేతిలో ప్లగ్గు స్పానరు పట్టుకుని వానలో ఏడుస్తూ గడియారం ఆగాలని కోరుకున్నాను. సుబ్బారాయుడు గారి గడియారం ఆగదని నాకు తెలుసు. ఆయన టైముకి ఇస్తానని రాసి ఇచ్చిన మనిషి. రాయించుకున్నది నేను.

బండి ఎంత తన్నినా అందుకోలేదు. అక్కడే పడేసి పరుగెత్తాను. సబ్ స్టేషను గదిలో అడుగు పెట్టేసరికి గోడ గడియారం పన్నెండూ పదమూడు చూపిస్తోంది. నా కళ్ళు దాని మీద నిలవలేదు. కింద పలక మీద లంక లైను మీటరు ఉంటుంది. దాని ముల్లు సున్నా మీద ఉంది, అంటే లైన్లోకి కరెంటు వదల్లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

సుబ్బారాయుడు గారు అలవాటు ప్రకారం లేచి నిలబడ్డారు.

"ఇవ్వలేదండి" అన్నారు. "కాగితం రాలేదు. ఇంత గాలిలో ఏసుపాదం దిగేడో లేదో ఇక్కడ కూర్చుని నాకెలా తెలుస్తాదండీ?"

నేను మీటరు వైపే చూస్తూ ఉండిపోయాను. అది కోపం అనుకున్నారేమో, మళ్ళీ ఆయనే అన్నారు.

"పన్నెండు అయ్యేక తాళం తీద్దామనే లేచేనండి. రెండో మెమో పడితే ఇంక్రిమెంటు ఆగిపోతాదని భయం వేసిందండి. కానీ చెయ్యి రాలేదు. మెమో ఇస్తే ఇచ్చుకోండి బాబూ."

తాళంచెవి ఆయన కుడి గుప్పిట్లో ఉంది. బల్ల మీద పెట్టినప్పుడు చూశాను. గట్టిగా బిగించి పట్టుకున్నందుకు దాని అచ్చు అరచేతిలో దిగి ఉంది.

గాలి తగ్గాక, నాలుగు దాటిన తర్వాత ఏసుపాదం వచ్చాడు. రేవులోనే భార్య కనిపించి సంగతంతా చెప్పిందట. పుస్తకంలో సంతకం పెట్టి కాగితం తిరిగి ఇచ్చాడు. ఎన్నింటికి దిగావు అని అడిగాను. "టైము తెలీదండి. మూడు స్తంభాల మీద తీగ ఆనే పింగాణీలు మార్చేను. కడుపులో ఆకలి గంట కొట్టింది, దిగేను" అన్నాడు. దిగి కాసేపటికే హెల్పరుతో కలిసి అన్నం తిన్న ఇంట్లో టైము అడిగితే ఒకటిన్నర అన్నారట. అంటే పన్నెండుకు అతను లైను మీదే ఉన్నాడు. అతని గడియారం నేను అతని చేతికిచ్చాను. ఆ తర్వాత సుబ్బారాయుడు గారు తాళం తీసి లైను ఇచ్చారు.

తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కథ ఇంకోలా పాకింది. ఇంజనీరు గారు గాలివానలో బండి మీద ఎగిరొచ్చి లైన్‌మన్ ప్రాణం కాపాడేరని. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, నేను చాలాకాలం కాదని గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు నా ప్రయాణం ఎవరికీ ఉపయోగపడలేదు. నేను దారిలో ఉండగానే పన్నెండయింది. ఏసుపాదాన్ని కాపాడింది కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్న మనిషి.

మర్నాడే గడియారం ఎల్సీ ఆపేస్తున్నట్టు ఉత్తర్వు రాసి గోడకు అంటించాను. ఇంకో రెండు జతల ఎర్త్ రాడ్లు కావాలని పట్టుబట్టి తెప్పించాను. మిల్లువాళ్ళ అర్జీలు మరో రెండు వచ్చాయి, ఈసారి జవాబు నేనే చెప్పుకున్నాను. సుబ్బారాయుడు గారికి ఇచ్చిన మెమో వెనక్కి తీసుకుంటున్నానని పై ఆఫీసుకు రెండుసార్లు రాశాను. సర్వీసు రిజిస్టరులో ఎక్కిన మందలింపును తీసేసే వీలు లేదని రెండుసార్లూ ఒకటే జవాబు. ఆయనతో ఆ సంగతి చెబితే, "పోనీలెండి బాబూ, మీరు రాసేరు కదా" అన్నారు.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా కింద పనిచేసిన ప్రతి కొత్త ఇంజనీరుకూ ఈ రెండు మాటలే చెప్పాను. లైన్ క్లియర్ తీసుకున్న చేతితోనే అది తిరిగి రావాలి, గడియారం మీద ఇవ్వకూడదు. రూలు పాటించినవాడికి మెమో రాసే ముందు, ఆ మెమోకు భయపడి అతను ఏం చేస్తాడో చూసుకోవాలి. సుబ్బారాయుడు గారి రిటైర్మెంటు కాగితాలు నా బల్ల మీదుగానే వెళ్ళాయి. అంత సర్వీసులో ఆయన మీద ఉన్న మందలింపు అదొక్కటే. దాని కింద సంతకం నాది.