పరిగెకు వదిలిన లెక్కలు

ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాను గానీ, కాలేజీలో చేరడానికి కావలసిన మార్కులు లెక్కల్లో రాలేదు. మా మైసూరు రాజ్యంలో పాసవడం వేరు, కాలేజీకి ఎలిజిబుల్ అవడం వేరు. నాలాంటి వాళ్ళ కోసం హైస్కూల్లో సాయంత్రం ప్రత్యేక తరగతి పెడతారు. అందులో ఎవరినైనా ఒక్కసారే చేర్చుకుంటారు. ఆ ఒక్కసారీ బెంగళూరులో అయిపోయింది. టైఫాయిడ్ వచ్చి సగంలోనే మంచాన పడ్డాను.

పావగడలో మళ్ళీ చేర్చుకుంటారేమోనన్న ఆశతో నాన్న నన్ను మేనత్త ఇంటికి పంపాడు. ఇక్కడి హెడ్‌మాస్టరు గారు కుదరదన్నారు. పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు, తరగతిలో మాత్రం కూర్చోకూడదు. చెప్పేవాళ్ళు లేకుండా ఆల్జీబ్రా నాకు వచ్చేది కాదు. అది రాకపోతే కాలేజీ లేదు. బయటికొచ్చి వరండా స్తంభాన్ని కాలితో తన్నాను.

లెక్కల మేష్టరు అక్కడే ఉన్నారు. "ఏందప్పా, స్తంభమేం జేసింది నిన్ను?"

అరుస్తూనే అంతా చెప్పాను. ఆయనది నిడుగల్లు. తాపీగా విన్నారు.

"మా ఊర్లో చెనిక్కాయ చేను పెరికినంక పరిగెకు ఎవురొచ్చినా వద్దనరు. క్లాసు అయినంక నేను నల్లబల్ల తుడవను. వచ్చి ఏరుకోప్పా."

చెనిక్కాయంటే వేరుశెనగ. పరిగె అంటే పంట తీశాక చేలో మిగిలినవి ఏరుకోవడం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి, "పరిగెకు రమ్మని నన్ను అడుక్కోమంటున్నాడు ఆ లెక్కల మేష్టరు!" అన్నాను.

అత్త చేట పక్కన పెట్టి నవ్వింది. "పరిగె అడుక్కునేదా? మీ నాయన బెంగుళూరికి పొయ్యేనాడు మూటగట్టిచ్చినవి పరిగె కాయలే. రేపు రా నాతో, చూద్దాం నీ పౌరుషం."

మర్నాడు చేను గట్టు మీద ఆడవాళ్ళు బుట్టలతో వరసగా కూర్చుని ఉన్నారు. ఎందుకు కూర్చున్నారో నాకు అర్థం కాలేదు. మట్టిలో కాయలు కనిపిస్తుంటే నేరుగా దిగాను.

"ఓ బెంగుళూరప్పా, గట్టెక్కు! రైతు బండి ఇంగా చేన్లోనే ఉండాది, కండ్లు కనపళ్ళేదా?" అని ఒక అవ్వ అరిచింది.

"పెండ్లికొడుకు తినకముందే విస్తరాకు ఎత్తేటట్టుండాడే!" అంది ఇంకొకామె. గట్టంతా నవ్వు.

చివరి బండి గట్టు దాటేదాకా ఒక్క కాయ ముట్టినా దొంగతనమేనట. దాటాక మిగిలినవి రైతువి కావు. బండి దాటింది. రైతు వెనక్కి తిరిగి చూడలేదు. ఆడవాళ్ళు చీరలు ఎగదోపి దర్జాగా దిగారు. వాళ్ళ ముఖాల్లో అడుక్కునే బెదురు లేదు.

సోమవారం సాయంత్రం నేను వరండాలో కూర్చున్నాను. ఆఖరి విద్యార్థి వెళ్ళాకే లోపలికి వెళ్ళాను. బల్ల నిండా లెక్కలు. ఆ రోజు నుంచి అదే నా పద్ధతి. మేష్టరు కొత్త లెక్క ఒక్కటీ వేసేవారు కాదు. నేను ఆగిపోయిన చోట బెత్తంతో తట్టేవారు. "ఆడ తవ్వు. ఆడే ఉండాది కాయ."

ఒకరోజు విసుగొచ్చి సుద్దముక్క విసిరికొట్టాను. "అది గూడా పరిగెదేప్పా, ఏరుకో," అన్నారు.

ఇంతలో ఒక సాయంత్రం హెడ్‌మాస్టరు గారు గుమ్మంలో నిలబడ్డారు. నేను సుద్దముక్క కింద పెట్టేశాను.

"ఈ అబ్బాయిని వద్దంటిని గదా?"

మేష్టరు లేచి నిలబడ్డారు. "క్లాసు అయిపోయింది సార్. పరిగెకు వచ్చినాడు."

ఆయన ఖాళీ బెంచీలను చూశారు. బల్లను చూశారు. "బండ్లన్నీ గట్టు దాటినాయా?"

"దాటినాయి సార్."

"అట్లయితే నాకేం పని ఈడ?" అని గొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

వేసవిలో ఫలితాలొచ్చాయి. ఎలిజిబుల్. ఇప్పుడు కాలేజీ హాస్టల్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ వార్త చెప్పడానికి మేష్టరింటికి పరుగెత్తిన రోజు కాళ్ళకు మొక్కబోతే చేయి పట్టుకుని ఆపేశారు.

"నాకెందుకప్పా? మిగిలింది ఏరుకున్నోడివి నువ్వు."

ఈ ఒక్క మాట మీద ఆయనతో నాకు ఇప్పటికీ తగాదా ఉంది. ఏ చేనూ అంత మిగల్చదు. ఒక్కో లెక్కనూ అంత వివరంగా, ఒక్క మెట్టూ వదలకుండా బల్ల మీద రాసి ఉంచింది ఎవరి కోసమో నాకు తెలియదా?