పసుపు పెట్టిన ప్లగ్గులు

మీరంతా కుశలమా? ఇంట్లో పెద్దలకు మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? పసిపిల్లలకు దగ్గు తగ్గిందా? పొలం పోయిన మగవాళ్లు పొద్దుగూకేలోగా ఇల్లు చేరుతున్నారా? అడగకుండా ఉండలేను. మా పాత జీపు డ్రైవరు మూడు రోజుల కిందట ప్రొద్దుటూరులో పోయాడని నిన్న కబురు వచ్చింది. చేతులు కడుక్కుని, తువ్వాలు కోసం వెనక్కి తిరిగి, అలాగే కూలిపోయాడట. పోయిన వారం సంతలో నన్ను పలకరించిన మనిషి! “సరిగ్గా విన్నావా? ఇంకెవరో ఏమో?” అని కబురు తెచ్చినతన్ని మూడుసార్లు అడిగాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ప్రపంచయుద్ధం అయిపోయాక పటాలంవాళ్లు అమ్మేసిన జీపు మాది. మూడేళ్లు అతనే నడిపాడు. స్పార్కు ప్లగ్గులు విప్పి, గుడ్డ మీద పరిచి, ఒక్కొక్కదాని మూతినీ వెలుగుకు పెట్టి చూసేవాడు. “నిప్పురవ్వ పుట్టేచోట మసి ఉండకూడదమ్మా” అనేవాడు. అహోబిలం దారిలో నేను “మెల్లగా, మెల్లగా” అంటుంటే, “ఇంకా మెల్లగా పోతే ఎద్దులబండోడు మనల్ని పక్కకు జరగమంటాడమ్మా” అని నవ్వేవాడు.

ఆరేళ్ల కిందట ఆయుధపూజనాడు పాత ప్లగ్గులు తీసేసి, కొత్తవి నాలుగూ పూజలో పెట్టమని నాకిచ్చి అన్నానికి పోయాడు. కొడవలికీ నాగలికీ పెట్టినట్టే వాటికీ పెట్టాను. తడి పసుపు, కుంకుమ, మూతి లోపలికంటా. ఏది వదిలినా అరిష్టమని నా భయం. కాగితంలో చుట్టి జీపులో పెట్టాను.

అంతలోనే కాన్పుకు వచ్చిన నా కూతురికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, కడప ఆసుపత్రికి పోవాల్సిందే అంది మంత్రసాని. అతను పరుగెత్తుకొచ్చి, కంగారులో చూసుకోకుండానే ప్లగ్గులు బిగించాడు. బండి పలకలేదు. వెనుక సీట్లో కూతురి కేకలు.

మా ఆయన ఊరందరి ముందర అరిచాడు. “ఏమప్పా, బిడ్డ పానం పోతాంటే బండి ఇట్లనా పెట్టుకునేది? ఇన్నాళ్లూ ఏం చేస్తాండావు?”

అతను ఒక ప్లగ్గు విప్పాడు. మూతి పచ్చగా ఉంది. నా వైపు చూశాడు. దాన్ని గుప్పిట్లో మూసేసుకున్నాడు.

“తప్పు నాదేనయ్యా. చూసుకోకపోతిని.”

నాలుగూ పెట్రోలుతో కడిగి, తుడిచి, ఊది బిగించాడు. ఈసారి బండి పలికింది. కూతురూ మనవరాలూ దక్కారు. అతని కొలువు దక్కలేదు. మరునాడే మా ఆయన తాళంచెవి తీసేసుకున్నాడు. బండి చూసుకోని డ్రైవరన్న పేరు ఊరూరా పాకింది. మళ్లీ ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. ప్రొద్దుటూరు చేరి సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికాడు. మా ఆయన కోపానికీ, ఊరి నోటికీ భయపడి నేను నోరు విప్పలేదు.

పోయిన వారం సంతలో చెప్పబోయాను. “అప్పా, ఆ దినం నేను...”

“ఇడ్సెయ్ అమ్మా. పాప బడికి పోతాందా?” అన్నాడు.

నిన్న కబురు విన్న వెంటనే మా ఆయనకు అంతా చెప్పేశాను. “ఇన్నేండ్లూ నోరు మూసుకోనుంటివా?” అన్నాడు. గోడకానుకుని కూలబడ్డాడు. “అందరి ముందర తిట్టినా. అందరి ముందరే చెప్పాల. ఆయప్ప పెండ్లాం బిడ్డలు వినాల” అన్నాడు. కండువా భుజం మీంచి జారి దుమ్ములో పడినా చూసుకోలేదు.

అతని భార్యకు కబురు పంపాం. వచ్చే గురువారం పొద్దున్నే, అతని కర్మకు జనమంతా చేరే వేళకు, ఇద్దరం ప్రొద్దుటూరు పోతున్నాం.