సుబ్బమ్మాళ్ ఇంట్లో తడి విత్తనం

సుబ్బమ్మాళ్‌కి కళ్ళారా చూసినదాని మీద కూడా సగం నమ్మకమే. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూడాలి. బస్సు టిక్కెట్టు ఇస్తే రెండువైపులా తిప్పి చూడాలి. ఆకాశం అద్దంలా ఉన్నా సరే, మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల్ని మధ్యాహ్నం ఒకసారి ఎత్తి మళ్ళీ పోయాలి. తమిళనాట విళాత్తికుళం దారిలో ఉన్న ఆ ఊళ్ళో పిల్లలు కూడా "అవ్వ చూస్తా ఉంది రా" అని దూరంగా నడుస్తారు.

ఊరికే వచ్చిన గుణం కాదులెండి. కాపురానికి వచ్చిన కొత్తలో మొగుడు అంగడి మాట నమ్మి పత్తి విత్తనం కొనుక్కొచ్చాడు. నల్లరేగడిలో చెట్లు నడుం ఎత్తు పెరిగాయి, కాయ మాత్రం కాయలేదు. ఆ ఏడాది తిన్న తిట్లు, ఉన్న పస్తులు ఆమె ఈనాటికీ మరిచిపోలేదు. మొగుడు పోయినా, మనవలొచ్చే వయసైనా, అంగడి విత్తనం గడప తొక్కనివ్వలేదు. పత్తిగింజ పేడనీళ్ళలో రుద్ది ఆరబెట్టడం, మిరప విత్తనానికి బూడిద పట్టించడం, అన్నీ తన చేత్తోనే. గింజ ఎండి గలగలలాడాలి, తడి తగిలిందంటే చచ్చినట్టే. విత్తనపు కుండని మాత్రం ఏ కరువులోనూ అడుగంటా ఊడ్చకూడదు. రెండు గింజలైనా మిగల్చాలి.

ఆ ఊరి తెలుగు ఇళ్ళల్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. అన్నదమ్ములు విడిపోయినా, కొడుకు వేరుపడినా, ముందు పంచుకునేది విత్తనమే. గిన్నెలూ పొయ్యీ ఆ తర్వాత. అత్తకి తెలియకుండా కోడలు విత్తనం దాచిందంటే వేరుకాపురానికి దారి వేసుకుంటోందని ఎవరినడిగినా చెబుతారు.

అలాంటి ఇంటికి విరుదునగర్ నుంచి కార్తీశ్వరి కోడలిగా వచ్చింది. నెమ్మదైన పిల్ల, మాట తక్కువ. ఆ మాట తక్కువే సుబ్బమ్మాళ్‌కి గిట్టలేదు. గలగలా వాగేదాన్ని నమ్మొచ్చు, నోరు విప్పనిదాని కడుపులో ఏముందో ఎవరికి తెలుసు?

మాసి నెలలో, చలి తగ్గే రోజుల్లో, ఒకరోజు కంట పడింది. ఫ్రిడ్జిలో కూరగాయల అరకి వెనకాల మూత బిగించిన డబ్బా. కార్తీశ్వరి పొద్దున్నే దాన్ని తీస్తుంది, వాసన చూస్తుంది, గబుక్కున పెట్టేస్తుంది.

"అదేమే?" అని అడిగింది సుబ్బమ్మాళ్.

"ఏమీ లేదత్తా," అంది కోడలు.

ఏమీ లేనిదానికి అంత మూతెందుకు? పక్కింటి మాయక్కాళ్ చెవిలో వేస్తే ఆవిడ గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, సెయ్‌వినై పెట్టిందేమో అక్కా! నీ కొడుకు గోకులకృష్ణన్ని కోవిల్‌పట్టికి లాక్కుపొయ్యేదానికే!" చేతబడి మాటని సుబ్బమ్మాళ్ కొట్టిపారేసింది. కానీ కొడుకుని లాక్కుపోతుందన్న మాట మాత్రం గుండెల్లో ముల్లులా దిగింది. వాడు పని చేసే మెకానిక్ షెడ్డు కోవిల్‌పట్టిలోనే ఉంది మరి. ఉన్నది ఒక్క కొడుకు.

పంగుని నెల ఎండలు ముదిరాక, ఒక శుక్రవారం కొడుకూ కోడలూ కోవిల్‌పట్టి బస్సెక్కారు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, సుబ్బమ్మాళ్ తిన్నగా వెళ్ళి డబ్బా తెరిచింది.

తడిగుడ్డ. గుడ్డలో బాదం పప్పుల్లాంటి గింజలు, ఉబ్బి, కొసన తెల్లటి మొన తేలి ఉన్నాయి.

విత్తనం! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో, నాకు తెలియకుండా విత్తనమా? అదీ తడిలో కుళ్ళబెట్టి! రెండు కోపాలూ ఒక్కసారే పొంగాయి. దాచితే దాచావు, దాచడమైనా చేతనై ఉండాలి కదటే! గింజల్ని తీసి, బూడిదలో దొర్లించి, మిద్దె మీద చాటలో పరిచింది. నీ గుట్టు నాకు తెలిసిందని కోడలికి తెలియాలి, ఊరు కూడా చూడాలి. డబ్బా అడుగున రెండు గింజల్ని మాత్రం చెయ్యి తనంతట తానే వదిలేసింది.

సాయంత్రానికి వచ్చిన కార్తీశ్వరి చాట చూసి పరుగున వెళ్ళి గింజల్ని ఏరబోయింది. వాడిపోయిన మొన ఒకటి వేలు తగలగానే విరిగిపోయింది.

"ఏమే, తనిక్కుడిత్తనం, వేరుకాపురం పొయ్యేదానికా ఇది?" నిలదీసింది సుబ్బమ్మాళ్.

"ఆప్రికాట్ అత్తా. నాయన లడాఖ్‌లో మిలిట్రీ లారీ నడిపేటప్పుడు కడపటి లీవులో తెచ్చిన పండ్లు. తినేసి గింజలు దాచుకుంటిని. నాయన పొయ్యినాక ఇంకేమీ మిగల్లేదు." విరిగిన మొనని అరచేతిలో పెట్టుకుంది. "ఆ గింజకి తడి కావాల, చలి కావాల. చలికాలం వచ్చి పొయ్యిందని నమ్మకం కుదిరితేనే అది లేస్తుంది. ఒట్టిగా లేవదు."

"మరి నాతో చెప్పేదానికేమి?"

"చెప్పితే మీరు ఎండబెడతారని తెలుసు అత్తా. అందుకే చెప్పలేదు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి లోకాన్నంతా అనుమానించింది గానీ, తననే ఒకరు అనుమానిస్తారని, ఆ అనుమానం అక్షరాలా నిజమవుతుందని సుబ్బమ్మాళ్ కలలో కూడా అనుకోలేదు. సిగ్గుతో ముఖం వేడెక్కింది. గబగబా కిందికి దిగి డబ్బా తెచ్చి తెరిచింది.

"రెండు ఉండాయే," అంది. "కుండ ఊడ్చే అలవాటు లేదు నాకు."

కార్తీశ్వరి ఆ రెండింటినీ వేలితో తడిమి చూసింది. మళ్ళీ గుడ్డ చుట్టి, మూత బిగించి, డబ్బాని అత్త చేతిలోనే పెట్టింది.

"ఈ ఇంటి విత్తనం మీ దగ్గరే ఉండాల కదా. మీరే పెట్టుకోండి. ఎండబెట్టొద్దండి, అంతే."

సుబ్బమ్మాళ్ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఈ ఎండల్లో ఆ చెట్టు లేచినా కాస్తుందని ఆమెకి నమ్మకం లేదు. అయినా పొద్దున లేవగానే ముందు ఫ్రిడ్జి తెరిచి, డబ్బా తీసి, వాసన చూసింది. కిటికీలోంచి మాయక్కాళ్ తొంగి చూసి, "అదేమి అక్కా?" అని అడిగింది.

"ఏమీ లేదు," అని సుబ్బమ్మాళ్ గబుక్కున ఫ్రిడ్జి మూసేసింది.