కూర్మయ్య మావ ఇంజను బాగుచేసిన రోజు

రాజాం కూర్మయ్య ఆయిలింజను బాగుచేసే తీరంటే నాకు ఒళ్లుమంట. పానా పట్టుకునే ముందు పంచనామా చేస్తాడు. సైకిలు దిగి, చొక్కా విప్పి కొమ్మకి తగిలించి, బావిగట్టున చతికిలబడి అడుగుతాడు: "ఆకర్న బాగా ఆడింది ఎప్పుడు? తరవాత ఏటి ముట్టుకున్నారు?" అది చెబితే తప్ప ఇంజను వైపు చూడడు. చదివింది రెండో తరగతి. యుద్ధం రోజుల్లో విశాఖపట్నంలో పడవల ఇంజన్లు తుడుస్తూ పని నేర్చుకున్నాడు. వరసకి నాకు మావ. చుట్టుపక్కల ఏ ఇంజను మొరాయించినా అతనే దిక్కు కాబట్టి నోరు మూసుకుని జవాబు చెప్పాల్సిందే.

అరవై ఎనిమిదిలో, దసరా వెళ్లిన మర్నాటి నుంచి మా ఇంజనుకి తెగులు పట్టుకుంది. హ్యాండిలు తిప్పగానే అందుకుంటుంది, పది నిమిషాలాడి ఆగిపోతుంది. హస్త కార్తెలో చినుకు పడలేదు. మూడెకరాల వరి పొట్టమీద ఉంది. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. ఇంజను చూసే గంగులు మీద పడ్డాను. "ఆయిలు అమ్ముకుని నీళ్లు కలిపేస్తన్నావు కదరా" అని టీకొట్టు దగ్గర, పదిమందిలో అనేశాను.

"నానలాటోణ్ణి కాదు బాబూ" అన్నాడు గంగులు. అతనికి నలుగురు పిల్లలు, సెంటు భూమి లేదు.

"కూర్మయ్య మావ వచ్చి సూస్తాడు. నీళ్లు తేలినాయా, ఈ ఊళ్లో నీకు పని పుట్టదు" అన్నాను.

మూడో రోజు కూర్మయ్య వచ్చాడు. అడిగేది అడిగాడు. "దసరాకి ముందు బాగా ఆడినాది. తరవాత ఎవులూ ఏటీ ముట్టుకోలేదు మావా" అన్నాను. నిజమే అనుకుని చెప్పాను.

ముందు ఆయిలు గాజుసీసాలో పట్టి ఎండలో పెట్టాడు. చుట్ట కాలిందాకా చూశాడు. అడుగున నీటిబొట్టు లేదు. "ఆయిలు సుబ్బరంగా ఉన్నాది" అన్నాడు. గంగులు నావైపు చూశాడు. నేను ఇంజను వైపు చూశాను.

తరవాత ఫిల్టరు విప్పాడు, బాగుంది. గొట్టం ఊదాడు, బాగుంది. ఒక్కొక్కటి చూడ్డం, ఇంజను వెయ్యడం, అది ఆగిపోవడం. నాకు ఓపిక పోయింది.

"అన్నీ ఒకేపాలి ఇప్పీరాదా మావా, సేను ఎండిపోతన్నాది."

"అన్నీ ఇప్పేస్తే దేనివల్ల బాగయిందో నీకు తెలుస్తాదేటి?"

నాలుగోసారీ ఆగిపోయింది. ఆయిలెంత ఉందో చూద్దామని టాంకీ మూత తీసినప్పుడల్లా ఇంజను మళ్లీ అందుకుంటోందని అప్పుడు పట్టుకున్నాడు కూర్మయ్య. మూత తీసేసి ఇంజను వేశాడు. అరగంటయినా ఆగలేదు. మూత తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మూతకి సన్నబొక్క ఉంటుంది. అందులోంచి గాలి వెళ్తేనే ఆయిలు కిందికి దిగుతుంది. ఆ బొక్కమీద ఎండిన గంధం ముద్ద, మధ్యన కుంకం. ఆయుధపూజ నాడు నా చేత్తో పెట్టిన బొట్టు. పూజ చెయ్యడం ఇంజనుని ముట్టుకోవడం కిందకి వస్తుందని నాకెలా తడుతుంది చెప్పండి?

కూర్మయ్య ముల్లుతో బొక్క పొడిచి మూత బిగించాడు. మడి దగ్గర పారతో నిలబడ్డ గంగులు "ఏటయింది బాబూ?" అని కేకేశాడు.

"మట్టి అడ్డం పడిందిరా" అన్నాను. ఆ మాట నోటికెలా వచ్చిందో నాకే తెలీదు.

కూర్మయ్య ఇంజను ఆపేశాడు. కాలవలో నీళ్లు సన్నగిల్లాయి. "మట్టి కాదు. ఏటో సెప్పు అల్లుడూ. సెప్పిందాకా ఇది ఎయ్యను" అన్నాడు, గొంతు పెంచకుండా.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పాను. "గంగులూ, ఆయిలు మంచిదేరా. బొట్టెట్టి ఆ బొక్క మూసేసింది నానే. నిన్ను దొంగన్నాను, తప్పు నాది."

గంగులు వచ్చి హ్యాండిలు తిప్పి, సాయంత్రానికి మూడెకరాలూ తడిపాడు. పార కడిగి గట్టున పెట్టి, "దొంగన్నప్పుడు పదిమంది ఉన్నారు బాబూ. ఇప్పుడు మనం ముగ్గురిమే" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే టీకొట్టు దగ్గర నిలబడి అందరికీ చెప్పాను. అయినా గంగులు వారం దాకా రాలేదు. ఆ వారమంతా ఇంజను నేనే తిప్పుకున్నాను.