బ్లేడుతో గీకేసిన గీత

అమ్మోనియా వాసన తగిలితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. నిన్న ఏదో కొత్త మందుతో కిటికీ అద్దాలు తుడుస్తుంటే అదే ఘాటు. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి మా మేనేజరు ఫోను. నేను గోదావరిఖనిలో ఇంట్లో కూర్చుని కంప్యూటరు చిప్‌ల బొమ్మలను, అంటే లేఅవుట్లను, తనిఖీ చేసే స్క్రిప్టులు రాస్తాను. చిప్ బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది. నా స్క్రిప్టు ఒక్కో పొరనూ తెరిచి, అందులోని ఆకారాలను ఒక్కొక్కటిగా పట్టుకుని, పక్కదానికి తగినంత ఎడం ఉందో లేదో కొలుస్తుంది. ఒక పొరలో నలభై చోట్ల ఎడం చాలలేదు. "ఆ పొరను స్క్రిప్టులోంచి తీసేయండి మేడం. రిపోర్టు నీట్‌గా వస్తుంది," అన్నాడాయన.

ఇదే మాట ఇరవై రెండేళ్ల వయసులో విన్నాను. డిగ్రీ అయ్యాక ఒక కాంట్రాక్టరు దగ్గర ప్లాన్లు గీసే పనిలో చేరాను. నాకు పని నేర్పింది సామ్యేలు కాక. గని సర్వే ఆఫీసులో పటాలకు నకళ్లు గీసే ట్రేసరుగా రిటైరై అక్కడికొచ్చాడు. అమ్మోనియాతో ప్రింట్లు తీసే గదిలో ఇద్దరికీ కళ్లు నీళ్లు కారేవి. నేల మీది కట్టడాలకు ఒక ట్రేసింగ్ షీటు, కింద బొగ్గు తీసిన సొరంగాలకు ఇంకొకటి. మొదటి వారమే పై షీటు ఒక్కటీ చూసి, ఒక స్థలం ఖాళీ, కట్టుకోవచ్చని రాసిచ్చాను. కాక రెండు షీట్లనూ కలిపి కిటికీ అద్దానికి ఆనించాడు. నేను ఖాళీ అన్నచోట పాత సొరంగం.

"పై షీట్‌ల లేదు గద కాకా," అన్నాను.

"షీట్‌ల లేకుంటే భూమిల లేనట్టేనా బిడ్డా? డిగ్రీల గిదే చెప్పిన్రా?"

కాంట్రాక్టరు సరిగ్గా అక్కడే కూలీలకు షెడ్డు కట్టాలనుకున్నాడు. "గా పాత సొరంగం గీత తీసెయ్. ప్లాన్ నీట్‌గ ఉండాలె. ఎన్నడో పూడ్చిన్రు దాన్ని."

"పూడ్చంగ నువ్వు చూసినవా సారూ? నేనైతే చూడలే. గీత తియ్య," అన్నాడు కాక.

అతను నావైపు తిరిగాడు. "సదువుకున్న పిల్లవు, నువ్వు చెప్పు. గా గీత సాఫ్‌గ కనవడ్తుందా?"

కిటికీ వెలుతురులో నా కళ్లతో చూసిన గీత అది. "అంత సాఫ్‌గ లేదు సార్," అన్నాను. ఉద్యోగం పోతుందని భయం. పోయింది, కాకది. పెన్నులు సంచీలో వేసుకుంటూ, "కండ్లు మంచిగనే ఉన్నయి గద బిడ్డా నీకు," అన్నాడు. అంతే. సాయంత్రం ఆ గీతను బ్లేడుతో గీకేసింది నేనే.

షెడ్డు లేచింది. ఇప్పటిదాకా కుంగలేదు. "ఏం కాలేదు గద, ఇంకెందుకు ఫికరు?" అంటాడు మా ఆయన. కుంగితేనే తప్పా? అందులో కాపురమున్నవాళ్లకు కింద ఏముందో ఎవరు చెప్పారు? ఆ తరువాత చర్చి దగ్గర కాక ఎదురైతే నేనే రోడ్డు దాటి అవతలికి పోయేదాన్ని. తప్పయిందని చెప్పేలోపు ఆయన పోయాడు. కాంట్రాక్టరు మీద కోపం ఎప్పుడో పాతబడింది. నా మీదిదే పాతబడదు.

"పొర తియ్యను," అన్నాను మేనేజరుతో. "నలభై చోట్లూ రిపోర్టులో ఉంటాయి, కింద నా పేరుంటుంది. తీయాలనుకుంటే మీరే తీసి మీ పేరు పెట్టుకోండి."

"మీతో మాట్లాడటం కష్టం మేడం," అన్నాడు.

కష్టమే. ఆఫీసులో నా నోటికి జడుస్తారని నాకు తెలుసు. కానీ నిజం చెప్పడానికి ఈ నోరు పెగలాల్సిన రోజు ఒకటుండింది. ఆ రోజు పెగల్లేదు.