వెన్ను వంకర

హిందూపురంలో వీపు నొక్కి వైద్యం చేసే ఆయన నా వెన్నెముక ఎడమవైపుకు ఒరిగిందని, నొప్పికి అదే కారణమని చెప్పాడు. అంతవరకూ నాది మామూలు నొప్పి. ఆ రోజు నుంచి దానికి ఒక హోదా వచ్చింది. ఇంకా ఒరుగుతుందేమోనన్న భయంతో మా రెండేళ్ల పాపను ఎత్తుకోవడం కూడా మానేశాను.

ఓసారి ధర్మవరం బస్సులో కొయ్యలా నిటారుగా కూర్చుని వస్తున్నాను. పెనుకొండలో ఒకామె చంటిబిడ్డతో ఎక్కింది. ఆమె కుడి భుజం ఎడమదానికంటే బెత్తెడు కిందికి ఉంది. మా బస్సుల్లో నిలబడ్డవాళ్లు తమ బిడ్డను కూర్చున్నవాళ్ల ఒళ్లో పెట్టడానికి అనుమతి అడగరు. ఆమె కూడా అడగలేదు.

"నాకు వెన్ను వంకరక్కా," అన్నాను.

"నాకూ వంకరే. కనపడల్యా?"

"నొప్పి లేదా?"

"మూటలు మోసిన దినం ఉంటాది. పండుకుంటే పోతాది. వంకర మాత్రం పుట్టినప్పట్నుంచి ఆడనే ఉండాది." బిడ్డ తలను నా భుజం మీదికి సర్దింది. "పిల్లోన్ని గట్టిగా పట్టుకోప్పా, డ్రైవరు బ్రేకేస్తాడు."

పట్టుకున్నాను. వాడు నిద్రపోయాడు. లేస్తాడేమోనని ధర్మవరం దాకా వాడికి ఎలా అనుకూలమో అలా వంగి కూర్చున్నాను. దిగేటప్పుడు ఆమె నా చొక్కా మీది చొంగను కొంగుతో తుడిచి, బిడ్డను తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పాపను ఎత్తుకున్నాను. వెన్ను ఇంకా ఎడమకే ఉంది, అప్పుడప్పుడు నొప్పీ వస్తుంది. పాప మాత్రం ఈమధ్య నడవడానికి అంతగా ఇష్టపడటం లేదు.