మంచు మీద అక్షింతలు

బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్ కొట్లో బఠాణీల కోసం ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా చల్లటి ఇనుము, తడి రబ్బరు కలిసిన వాసనొకటి ముక్కుకు తగిలి, మా అమ్మాయి శిరీష చిన్నతనమంతా కళ్ళముందుకొస్తుంది. ఆ రోజుల్లో ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళకు కంప్యూటర్లు తప్ప మరొకటి తెలియదని ఇప్పుడు సభల్లో ఉపన్యాసాలిస్తున్నారు; వింటే ఒళ్ళు మండుతుంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకం గగ్గోలు పెట్టిన మాటా, ఆ పని మీదే నా భార్యకు ఈ ఊళ్ళో ఉద్యోగం దొరికిన మాటా నిజమే. బడి మానేసి, పాడైన ఫ్రిజ్‌లు విప్పి విప్పి పని నేర్చుకున్న నేను మాత్రం స్కేటింగ్ రింకులో మంచును గడ్డకట్టించే యంత్రాల దగ్గర చేరాను.

బయట ఆస్ట్రేలియా డిసెంబరు ఎండకు తారు మెత్తబడుతుంటే, లోపల పిల్లలు ఉన్ని తొడుగుల చేతులతోనే మా అమ్మ చేసిన జంతికలు విరుచుకు తింటూ, ముక్కులు కారుతున్నా లెక్కచేయక, సాయంత్రం దాకా జారుతూ పడుతూ లేస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళలో లేస్యా అనే పన్నెండేళ్ళ ఉక్రెయిన్ పిల్ల ఒక్కతే బొంగరంలా తిరిగేది. వాళ్ళ నాన్నదీ కంప్యూటర్ పనే. తన దేశంలో అప్పటికే పతకాలు గెలిచి వచ్చిన పిల్ల. ఇక్కడ రాష్ట్ర జట్టులో చోటు దొరక్కపోతే పాత గురువు దగ్గరికే తిరిగి పంపించేస్తానని వాళ్ళమ్మ తేల్చి చెప్పింది. అది విన్న దగ్గర్నుంచి శిరీషకు అన్నం సయించలేదు. దానికున్న ఒక్క స్నేహితురాలూ ఆ పిల్లే.

జట్టు ఎంపిక పోటీనాడు మా అమ్మ నా పక్కనే, రింకు గుమ్మం దగ్గర నిలబడింది. లేస్యా మంచు మీద అడుగుపెట్టీ పెట్టగానే కొంగుముడి విప్పి గుప్పెడు అక్షింతలు తల మీద చల్లింది. మా ఇళ్ళల్లో పరీక్షకు వెళ్ళే పిల్లకైనా చేసేదే అది. కానీ స్కేటు అంచు కింద ఒక్క గింజ పడితే చాలు, మనిషి బోర్లా పడుతుంది. తెల్లటి మంచు మీద ఆ పచ్చటి గింజలు చూడగానే వంగి ఏరడం మొదలుపెట్టాను.

"నానమ్మా, వాట్ హావ్ యూ డన్! షీ విల్ ఫాల్!" శిరీష ఏడుపు లంకించుకుంది.

"ఓసి నీ అసాధ్యం కూలా, దీవిస్తే పడతారటే?" అంది అమ్మ. మొహం మాత్రం అప్పటికే పాలిపోయింది.

లేస్యా నవ్వేసింది. "ఇట్స్ ఓకే, అంకుల్," అని, కొత్త సంవత్సరానికి తమ ఇంట్లోనూ గోధుమలు చల్లుతారని ఇంగ్లీషులో చెబుతూ, మోకాళ్ళ మీద కూర్చుని మాతోపాటు గింజలు ఏరింది. న్యాయనిర్ణేతలు కాసేపు ఆగారు. సంగీతం మొదలయ్యాక నేను పిల్లను చూడలేదు, పసుపు చుక్క ఎక్కడైనా మిగిలిందేమోనని మంచునే చూస్తూ కూర్చున్నాను. అన్నీ ఒడుపుగా ఎగిరిన పిల్ల ఆఖరి గెంతులో, మాకు ఎదురుగా అవతలి మూలలో పడింది.

పోటీ అయ్యాక పాకుతూ ఆ మూలంతా అరచేత్తో తడిమాను. ఒక్క గింజ లేదు. అలసిన కాలు మడత పడింది, అంతే; వాళ్ళమ్మా అదే అంది. అయినా మనవాళ్ళు ప్రతి విందులోనూ "మీ అమ్మగారి అక్షింతలు భలే పనిచేశాయండోయ్" అని ఇకిలించేవాళ్ళు, అదీ మా అమ్మ వింటుండగా!

జట్టులో చోటు దొరక్క లేస్యా వెళ్ళిపోయింది. కొన్నేళ్ళకు తన దేశం తరఫున టీవీలో కనిపిస్తే శిరీష కేకలేసింది. అమ్మ మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళి, ఆట అయ్యేదాకా ఇవతలికి రాలేదు. శిరీష పెళ్ళిలో అందరూ అక్షింతలు వేస్తుంటే ఆవిడ గుప్పిట విప్పలేదు. ఆ గుప్పిటతోనే కన్నుమూసింది అనిపిస్తుంది నాకు.

రింకు ఇప్పుడు సోఫాల దుకాణం. మొన్న వెళ్ళి, పాత గుమ్మం ఎక్కడో, ఆ మూల ఎక్కడో పోల్చుకుని మధ్యలో నిలబడ్డాను. గుప్పెడు గింజలు ఎంత బలంగా విసిరినా అంత దూరం చేరవు. ఏం కావాలని దుకాణం అమ్మాయి అడిగింది. ఈ దూరం మా అమ్మకు చూపించాలి, అదే నాకు కావలసింది.